గుడ్లున్న పెంకు

సీజను మొదట్లో మగచేపకు ఒళ్ళుంటే చాలు. సీజను చివర్లో ఒళ్ళు చూసి ఎవరూ రారు. సూళ్లూరుపేట స్టేషను రోడ్డులో పదిహేడేళ్ళుగా రంగుచేపల అంగడి నడుపుతున్న జియావుల్లాకు ఈ సంగతి ఎవరూ నేర్పలేదు. తొట్ల ముందు కూర్చుని చూసి చూసి తెలుసుకున్నాడు.

అతని దగ్గర బాగా పోయే సరుకు గోబీ చేప. వేలెడంత ఉంటుంది. వీపు మీద రెక్క నిలబెడితే నల్లచుక్క కనబడుతుంది. పులికాట్ సరస్సులో ఉప్పునీళ్ళూ మంచినీళ్ళూ కలిసే చోట దొరుకుతుంది. సరస్సు పక్క పల్లెలో వెంకటముని అనేవాడు వలలో పట్టి తెచ్చిస్తాడు. జియావుల్లా వాటిని సిమెంటు తొట్లలో పెంచి, పిల్లలు తీయించి, సంచుల్లో నీళ్ళూ గాలీ నింపి పొద్దుటి లోకల్ రైలుకు మద్రాసు పంపుతాడు. తొట్టి అడుగున బోర్లించిన పెంకు ముక్కే ఆ చేపకు ఇల్లు. మగచేప పెంకు కింద ఇసుక తోడి, గుమ్మం చేసుకుని లోపల కూర్చుంటుంది. ఆడచేప వచ్చి పెంకు లోపలివైపు గుడ్లు అతికించి తన దారిన తాను పోతుంది. ఆ తరవాత కాపలా అంతా మగదానిదే. తిండి మానేసి, రెక్కలతో గుడ్లకు నీళ్ళు విసురుతూ, దగ్గరికొచ్చిన ప్రతిదాన్నీ కరుస్తూ నాలుగైదు రోజులు గడుపుతుంది.

శివరాత్రి పోయి నీళ్ళు వేడెక్కితే కడుపు నిండిన ఆడచేపలు బోలెడు. అప్పుడు పెద్ద మగదానికి పట్టపగ్గాలుండవు. ఒక్క పెంకు కింద మూడు చేపల గుడ్లుంటాయి. చిన్నవి మూలల్లో నిలబడి చూస్తాయి. ఆడి నెల, అంటే ఆషాఢం, వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. గుడ్లున్న ఆడచేపలు తగ్గిపోతాయి, ఉన్నవి ఆచితూచి అడుగేస్తాయి. ఎంత బలిసిన మగదైనా ఖాళీ పెంకు కింద కూర్చుని ఉంటే తొంగిచూసి వెనక్కి తిరుగుతాయి. అప్పటికే నాలుగు గుడ్లున్న పెంకైతే దూరతాయి. ఇంతకుముందు ఒకతె నమ్మింది గనుక తానూ నమ్మవచ్చని కాబోలు. చేపను అడిగిందెవరు?

ఆ గుణాన్ని జియావుల్లా బాగా వాడుకున్నాడు. పక్కతొట్టిలో గుడ్లున్న పెంకును గిన్నెడు నీళ్ళతో సహా ఎత్తి తెచ్చి, మిగిలిపోయిన మగదాని మీద బోర్లించేవాడు. పరాయి గుడ్లని ఎరగక ఆ పిచ్చిది విసరడం మొదలుపెట్టేది. రెండో రోజుకు ఆడచేప వచ్చి వాటి పక్కనే తన గుడ్లు పెట్టి పోయేది. పిల్లలు లేచాక అరువువేవో సొంతంవేవో అడిగేవాళ్ళుండరు.

"ఖాళీ పెంకు కిందికి ఏ ఆడదీ పోదప్పా," అనేవాడు వెంకటముని, బీడీ వెలిగించుకుంటూ. "నీ ఇంటికి ఎవురూ రాకపోయేది గూడా అందుకే."

జియావుల్లా నవ్వేవాడు. నలభై నాలుగేళ్ళ మనిషికి అది నవ్వొచ్చే మాట కాదు.

ఇరవై ఆరేళ్ళప్పుడు అతనికీ సీజను వచ్చింది. ఆరడుగుల మనిషి, కొత్త అంగడి పెట్టే మాటలు, నల్ల మోటారుసైకిలు. ఒక్క ఏడాదిలో తొమ్మిది సంబంధాలు వచ్చాయి. నాయుడుపేట పిల్ల పొట్టి అన్నాడు. గూడూరు పిల్ల తండ్రికి బడాయి ఎక్కువన్నాడు. చిత్తూరు పిల్లకు వంక దొరకలేదు, అయినా ఇంకా మంచిది రాకపోతుందా అన్నాడు. సరుకు పట్టేవాడి జబ్బే అది. రేపు ధర లేస్తుందని గోడౌనులో పెట్టి, ఎల్లుండికి పురుగు పట్టించుకోవడం. ముప్పై దాటాక నాలుగు సంబంధాలు వచ్చాయి. వాటిలో రెండు ఇతన్ని చూసి వెనక్కి పోయాయి. ముప్పై ఆరు దాటాక తల్లి వహీదున్నీసా అడిగిన చోటల్లా మర్యాదగా టీ ఇచ్చి పంపేవాళ్ళు. తమ్ముడు జానీ బాషా మాత్రం వచ్చిన మొదటి సంబంధమే చేసుకుని, లారీ డ్రైవరుగా చిత్తూరులో స్థిరపడ్డాడు.

మూడేళ్ళ కిందట జానీ భార్య కామెర్లతో పోయింది. నెలకు ఇరవై రోజులు రోడ్డు మీదుండే మనిషి, నాలుగేళ్ళ కూతురు అఖ్సాను తెచ్చి అన్న ఇంట్లో దింపాడు. జియావుల్లాకు అది నచ్చలేదు. తల్లికి కంట్లో పొర, మోకాళ్ళలో నొప్పి. పని తన నెత్తినే పడుతుందని మొదటిరోజే లెక్క కట్టాడు. అలాగే పడింది. దువ్వెన పట్టడం రాని చేతికి రెండు జడలు వేయడం వచ్చింది. సరుకు రైలెక్కించి పరుగున వచ్చి టిఫిను డబ్బా కట్టేవాడు. పిల్లకు జ్వరమొస్తే అంగడి మూసేవాడు. తన తండ్రి ఖననానికి పోయిన రోజు తప్ప అతను అంగడి మూసింది లేదు. వాళ్ళ ఇళ్ళలో తండ్రి అన్నను బడేబ్బా అంటారు. ఆ పిలుపు వీధి చివర నుంచి వినబడితే చేతిలో పని ఆపి తలెత్తేవాడు.

ఈ ఏడు బడి తెరిచే ముందు యూనిఫాం కుట్టించడానికి పిల్లను అంబ్రీన్ దగ్గరికి తీసుకుపోయాడు. అంబ్రీన్‌కు ముప్పై ఆరేళ్ళు. పిల్లలు కలగలేదని మొదటి భర్త వదిలేశాడు. తమ్ముడి ఇంటి ముందుగదిలో మిషను వేసుకుని బతుకుతోంది. భుజాల కొలత తీయబోతూ పిల్ల జడలు పట్టుకుని ఆగింది.

"ఎవురేసినారు జడలు?"

"బడేబ్బా," అంది అఖ్సా.

అంబ్రీన్ తలెత్తి అతన్ని చూసింది. "పాయలు సమంగా వచ్చినాయే."

"రోజూ ఏస్తా ఉంటే వస్తాదిలేండి."

"మా తమ్మునికి ఇద్దరు ఆడపిల్లలు. వానికి రిబ్బన్ యాడుంటాదో గూడా తెలీదు," అంది. కొలతలు రాసుకుంటూ మరోసారి చూసింది.

ఆ చూపును జియావుల్లా గుర్తుపట్టాడు. తొంగిచూసి వెనక్కి తిరిగే చూపు కాదది.

వారం తిరక్కుండా తల్లిని పంపాడు. అవతలివాళ్ళు బేరాలేమీ పెట్టలేదు. కానీ మాట కుదిరేసరికి మొహర్రం నెలవంక కనబడింది. మొహర్రంలో నికా చేయరు. తరవాతి సఫర్ నెలలో మొదటి పదమూడు రోజులు తేరా తేజీ. ఆ రోజుల్లోనూ శుభం తలపెట్టరాదని ఆడవాళ్ళ పట్టు. పద్నాలుగో రోజు నికా అని ఖాయం చేశారు.

"నలభై నాలుగేండ్లు ఆగినోడివి, నలభై దినాలు ఆగలేవా?" అంది వహీదున్నీసా.

ఆగడానికి అభ్యంతరం లేదు. అంబ్రీన్ రోజూ సాయంత్రం మిషను మూసి, తమ్ముడి భార్యతో కలిసి వచ్చేది. పిల్లతో ఎక్కాలు చెప్పించేది. ముసలామె కాళ్ళకు నూనె రాసేది. జియావుల్లాతో పెద్దగా మాట్లాడేది కాదు. అతను తొట్లు కడుగుతుంటే పిల్లతో పాటు నిలబడి చూసేది. ఒకరోజు మాత్రం అడిగింది: "నన్ను ఏమని పిలవమంటారు ఈ పిల్లని?"

"ఏమని పిలిస్తే మీకు బాగుంటాది?"

అంబ్రీన్ నవ్వి పిల్ల రిబ్బను సవరించింది. ఆమె ముఖం చూసి, బేరం ముగిసినట్టేనని జియావుల్లా లోలోపల తూకం వేసుకున్నాడు.

ఆ వారంలోనే జానీ ఫోన్ చేశాడు.

"భాయ్, నీకు చెప్పకుండా చేసినానని కోపం పెట్టుకోవద్దు. పలమనేరు సంబంధం. మొహర్రంకి ముందే, ఇద్దరు సాక్షుల్ని పెట్టుకోని నికా చేసుకున్నాను. లారీ గూడా మానేసినా. పాల వ్యాను తోల్తా ఉండాను, రోజూ ఇంటికొస్తా. అఖ్సాని తీసకపోతాను. పరీక్షలు రాకముందే బడి మార్చేయాల."

జియావుల్లా నిదానంగా అన్నాడు: "మంచిదే. తేరా తేజీ పోనీ. నా నికా అయిన మర్నాడు తీసకపో."

"అప్పుడేమి, ఇప్పుడేమి? వచ్చే వారం వ్యాను కాళీగా ఉంటాది."

"అంబ్రీన్ ఆ పిల్లని చూసే నికాకి ఒప్పుకునింది."

అవతల జానీ గొంతు తగ్గింది. "ఆమెకి చెప్పలేదా?"

"చెప్తాలే."

"అయినాక చెప్తే నా మీద గదా నింద పడేది. మరిది వచ్చి పిల్లని ఎత్తకపోయినాడని."

"నీ కూతుర్ని మూడేండ్లు సాకినాను. నేను నిన్ను అడిగేది మూడు వారాలు."

ఆ మాట ఎక్కడ తగులుతుందో తెలిసే అన్నాడు. జానీ సరేనన్నాడు.

ఫోన్ పెట్టి తిరిగేసరికి గడపలో అఖ్సా నిలబడి ఉంది. అంతా విన్నది. దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకున్నాడు.

"నాయన నన్ను తీసకపోతాడా?"

"పోతాడు. కొత్త అమ్మీ కూడా ఉంటాదంట. ఈ మాట అంబ్రీన్ ఆంటీకి చెప్పొద్దు."

"అబద్ధం చెప్పాల్నా?"

"అబద్ధం యాడుండాది దీంట్లో? అడిగినాక లేదంటే అబద్ధం. అడగకుంటే మనమెందుకు చెప్పేది?"

సరుకు అమ్మేవాడి ధర్మం అతనికి అంతే తెలుసు. రెక్క చీలిన చేపను కొనేవాడు చూసి అడిగితే దాచకూడదు. చూడకపోతే అది కొనేవాడి కళ్ళ తప్పు.

పిల్ల కొంచెం ఆలోచించింది. "అడిగితే చెప్పొచ్చా?"

"అడగదులే."

రెండు రోజుల తరవాత వెంకటముని చేపలు దింపడానికి వస్తే, తాను ఎంత లాఘవంగా సర్దుకొచ్చాడో జియావుల్లా అతనికి చెప్పాడు. అందులో కొంచెం గొప్ప కూడా ఉంది. వెంకటముని బుట్ట కిందపెట్టి చాలాసేపు తల గోక్కున్నాడు.

"చేపలకైతే సరేనప్పా. ఆడది గుడ్లు పెట్టినాక వెనక్కి తిరిగి సూడదు. ఆ పెంకు ఉండాదా, ఎవురన్నా ఎత్తకపోయినారా, దానికేమి పట్టె? ఈమె పొయ్యేది గాదు గదా. ఈడనే కూసోని సూస్తాది."

"వచ్చినాక సర్దుకుంటాది. యాడికి పోతాది?"

"ఒకసారి పోయొచ్చిన మనిషికి దారి తెల్సుంటాది సాబూ."

ఆ మాట జియావుల్లాకు రెండు రాత్రులు నిద్ర చెడగొట్టింది. మూడోరోజు చెప్పేద్దామనే బయలుదేరాడు. ఆ సాయంత్రం సరస్సు అవతలి నుంచి రాకెట్ పోతుందని ఊరంతా మిద్దెలెక్కి ఉంది. అంబ్రీన్ కూడా, బడి నుంచి అటే వచ్చిన అఖ్సాను చంకనెత్తుకుని తమ్ముడి మిద్దె మీదే ఉంది. ఏడేళ్ళ పిల్లను, బరువని కూడా అనుకోకుండా. పొగ తోక తూర్పున కరిగిపోయేదాకా ఇద్దరూ మెడలు చాచి చూశారు. జియావుల్లా మెట్ల దగ్గర నిలబడి బేరీజు వేశాడు. ఇప్పుడు చెబితే ఒప్పుకునేది సగం, ఒప్పుకోనిది సగం. సగానికి సగం పోయేచోట సరుకు దించే అలవాటు అతనికి లేదు. చెప్పకపోతే నూటికి నూరు. పిల్లను తీసుకుని ఇంటికి వచ్చేశాడు.

తేరా తేజీ అయిపోవడానికి ఇంకా నాలుగు రోజులున్నాయనగా, నికా రోజున అఖ్సా తొడుక్కోవడానికి లంగా, జాకెట్టు కుట్టి తెచ్చింది అంబ్రీన్. ఆకుపచ్చ సాటిను. పిల్లకు తొడిగి, కుచ్చిళ్ళు సర్ది, మోకాళ్ళ మీద కూర్చుని అంచు సరిచూస్తోంది. పెదాల మధ్య గుండుసూదులున్నాయి. జియావుల్లా గుమ్మం పక్కనే కూర్చుని సంచులకు రబ్బరు బ్యాండ్లు లెక్కపెట్టుకుంటున్నాడు.

అంబ్రీన్ సూదులు చేతిలోకి తీసుకుంది. "చూడు, లోపల నాలుగు వేళ్ళ గుడ్డ మడిచి పెట్టినాను. వచ్చే రంజానుకి ఒక కుట్టు ఇప్పుతా. ఆ పైయేటికి ఇంగోటి. మూడేండ్లు తొడుక్కోవచ్చు."

అఖ్సా అంచు వైపు చూసుకుంది. "నువ్వు చిత్తూరుకొచ్చి ఇప్పుతావా?"

"చిత్తూరు ఎందుకు?"

పిల్ల తల తిప్పి పెదనాన్నను చూసింది.

"అడిగింది బడేబ్బా," అంది.

జియావుల్లా చేతిలో రబ్బరు బ్యాండ్లు అలాగే ఉన్నాయి. అంబ్రీన్ ఇద్దరి ముఖాలూ చూసింది. పిల్ల వీపు తట్టి, "దాదీకి చూపించిరా పో," అని లోపలికి పంపింది. అప్పటికీ మోకాళ్ళ మీదే ఉంది.

"ఎప్పుడు తీసకపోతాడు వాళ్ళ నాయన?"

"నికా మర్నాడు."

"మీకు ఎప్పట్నించి తెలుసు?"

"రెండు వారాలు దాటినాయి."

"నేను రోజూ వస్తానే ఉండాను గదా ఈడికి."

ఆమె లేచి నిలబడింది. నిలబడగానే జియావుల్లాకు భయం పట్టుకుంది. భయపడితే అతనికి బేరమే వస్తుంది.

"సెలవులకి తెప్పిస్తాను. జానీ నా మాట తీసెయ్యడు. పండగలకి గూడా ఈడనే ఉంటాది. లేదంటే నెలకోసారి మనమే పోయొద్దాం. అదీ చాలకుంటే, అమ్మానాయనా లేని పిల్లలు యాడన్నా ఉంటారు, ఒకర్ని తెచ్చి..."

"ఆపండి," అంది. గట్టిగా కూడా అనలేదు.

అతను అడిగాడు: "ముందే చెప్పుంటే వచ్చుండేదానివా?" మీరు అనడం మరచిపోయాడు.

"తెలీదు. ఏడ్చుండేదాన్ని. ఏడ్చినాక వచ్చుండేదాన్నేమో." సూదులు ఒక్కొక్కటే డబ్బాలో వేసింది. "ఆ పిల్ల మీది గాదని మొదటి దినం నించి తెలుసు నాకు. ఎప్పుడో ఒకప్పుడు పోతాదని గూడా తెలుసు. పోయేదాన్ని అంత బాగా చూసుకునే మనిషి ఉండాడే అనుకున్నాను. మీరేమో దాన్నే వాకిట్లో కూసోబెట్టి, నోరు తెరవద్దని చెప్పినారు."

"నిన్ను పోగొట్టుకోకూడదనే గదా."

"ఇంక మీరు ఏది చెప్పినా, చెప్పకుండా దాచింది ఏముండాదా అని వెతుక్కుంటా ఉండాల నేను. ఒకాయనతో అట్లా బతికినాను. రోజూ జేబులు తడమడమే. మళ్ళా ఆ పని చేయలేను."

డబ్బా సంచిలో వేసుకుంది. వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ, "లంగా పిల్లకే ఉండనీండి," అంది. ఆ సాయంత్రమే ఆమె తమ్ముడు వచ్చి, నికా మాట మరచిపొమ్మని వహీదున్నీసాకు చెప్పి పోయాడు.

వహీదున్నీసా కొడుకును తిట్టలేదు. "నాకు గూడా చెప్పకపోతివి. నేను చెప్పేస్తాననే గదా," అంది.

జియావుల్లా తమ్ముడికి ఫోన్ చేశాడు. "వచ్చి తీసకపో."

జానీ రెండో రోజు పొద్దున్నే వచ్చాడు. విషయం తల్లి చెబితే విని తల దించుకున్నాడు. వచ్చేటప్పుడున్న ఉషారు అతనిలో లేదు.

"ఇంకో నెల ఉండనీ భాయ్. నువ్వు గూడా ఒంటిగా అయిపోతావు. దసరా సెలవులకి వస్తాను."

"పరీక్షలకి ముందే బడి మార్చాలంటివి గదా."

"అప్పుడు అన్నాను."

"అయితే మార్చు."

నిజం వేరే. రెండు రోజులుగా పిల్ల ఎదురుపడితే చాలు, గుమ్మంలో చేజారిన బేరమే అతని కళ్ళ ముందు ఆడుతోంది. నలభై దినాలు కాపాడుకొచ్చింది ఒక్క మాటకు పోయింది. ఏడేళ్ళ పిల్ల మీద కోపం పెట్టుకోవడం తప్పని అతనికి తెలుసు. తెలిసినంత మాత్రాన కోపం తగ్గలేదు.

చిత్తూరుకు పోవాలంటే తిరుపతిలో మారాలి. బస్టాండులో తిరుపతి బస్సు నిలిచి ఉంది. జానీ సంచులు పైకెక్కించి సీటు పట్టడానికి లోపలికి పోయాడు. అఖ్సా మెట్టు దగ్గర నిలబడి ఉంది. ఆకుపచ్చ లంగా పట్టుపట్టి తొడుక్కుంది. అంచు సరిచేయక మిగిలిపోయిన పొడుగు లంగా నేల మీద జీరాడుతుంటే ఒక చేత్తో ఎత్తి పట్టుకుంది.

"బడేబ్బా, నేను చెప్పినందుకేనా నన్ను పంపించేస్తా ఉండావు?"

కాదు అనే ఒక్క మాట చాలు. అది నోటి దాకా వచ్చింది కూడా. అంతలో ఆకుపచ్చ సాటిను మీద కన్ను పడింది.

"చెప్పొద్దన్నాను గదా," అన్నాడు.

అఖ్సా తలూపింది. బడిలో టీచరు తప్పు దిద్దితే ఊపినట్టే.

"ఇంగ చెప్పను," అంది. లంగా ఎత్తి పట్టుకుని మెట్టెక్కింది.

బస్సు కదిలింది. జియావుల్లా అంగడికి వచ్చి కూర్చున్నాడు. ఇప్పటికి నాయుడుపేట దాటుంటారు అనుకున్నాడు. ఫోన్ తీశాడు, పెట్టాడు. శ్రీకాళహస్తిలో పది నిమిషాలు ఆపుతాడు, అక్కడ చేయొచ్చు అనుకున్నాడు. ఆ పది నిమిషాలూ పోయాయి. తిరుపతిలో బస్సు మారేటప్పుడు హడావుడి, అప్పుడు వద్దులే అనుకున్నాడు. ఏ ఊళ్ళో ఎంతసేపు ఆగుతుందో అంతా సరిగ్గా లెక్క కట్టాడు. ఒక్కచోట కూడా చేయలేదు.

మధ్యాహ్నం మూడున్నరకు జానీయే చేశాడు. "చేరినాం భాయ్. అన్నం తినింది. దారంతా ఒక్క మాట గూడా మాట్లాడలేదు. ఇదో, ఈడనే ఉండాది, ఇయ్యమంటావా?"

"గిరాకీ ఉండాది," అన్నాడు జియావుల్లా. "మళ్ళా చేస్తాలే."

అంగడి ముందు ఎవరూ లేరు.